కింది దవడ అమరికను సరిచేసే శస్త్రచికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

కింది దవడ ఉండవలసిన చోటుకంటే ముందుకో, వెనక్కో, పక్కకో ఉన్నప్పుడు ఎముకను కోసి, సరైన స్థానానికి జరిపి, ప్లేట్లతో బిగించే చికిత్సను వైద్యులు ఆర్థోగ్నాథిక్ సర్జరీ అంటారు. దీని గురించి అడిగేవారిలో చాలామంది దృష్టి ఆపరేషన్ జరిగే ఆ ఒక్క రోజు మీదే ఉంటుంది. నిజానికి అది దాదాపు రెండేళ్ల చికిత్స మధ్యలో వచ్చే ఒక రోజు. దానికి ముందు నెలల తరబడి పళ్లను సిద్ధం చేయాలి, తర్వాత నెలల తరబడి వాటిని కుదుర్చుకోవాలి. ఈ సంగతి ముందే తెలుసుకున్నవారికి నిరాశ తక్కువ. అందుకే కింది జవాబుల్లో ఆపరేషన్ గురించి ఎంత ఉందో, దాని ముందువెనుకల గురించి కూడా అంతే ఉంది.

ఈ శస్త్రచికిత్స ఎవరికి అవసరమవుతుంది?

పై పళ్లూ కింది పళ్లూ కలవకపోవడానికి కారణం పళ్లలో కాక ఎముకలోనే ఉన్నవారికి. కింది దవడ బాగా వెనక్కి ఉన్నవారిలో పై ముందు పళ్లు ఎత్తుగా కనిపిస్తాయి, పెదవులు ప్రయత్నపూర్వకంగా మూస్తే తప్ప కలవవు, కొందరిలో కింది ముందు పళ్లు నేరుగా అంగిట్లో గుచ్చుకుని అక్కడ పుండు పడుతుంది. దవడ ముందుకు పెరిగినవారిలో కింది పళ్లు పై పళ్లను దాటి బయటికి వస్తాయి. కొందరికి దవడ ఒక పక్కకు వాలి, గడ్డం ముఖం మధ్యరేఖలో ఉండదు.

ఇలాంటివారిని జామకాయ తినమంటే ముందు పళ్లతో కొరకరు. కాయను నోటి పక్కకు తీసుకెళ్లి నమిలే పళ్లతో పట్టుకుని తెంపుతారు. చిన్నప్పటి నుంచీ అలాగే అలవాటు కావడం వల్ల అది ఇబ్బంది అని కూడా వారికి తోచదు. సర్జన్ అడిగే మొదటి ప్రశ్నలు సాధారణంగా ఇలాంటివే: ఎలా కొరుకుతారు, ఏ వైపు నములుతారు, పదార్థం గొంతు దిగేసరికి ఎంతసేపు పడుతుంది, రాత్రి గురక వస్తుందా, కొన్ని అక్షరాలు పలకడంలో తేడా ఉందా.

క్లిప్పులు వేయించుకుంటే సరిపోదా?

తేడా కొద్దిగా ఉంటే సరిపోవచ్చు. అవసరమైతే ఒకటి రెండు జతల పళ్లు తీసి, మిగతావాటిని వెనక్కో ముందుకో లాగి, ఎముకలోని తేడా పైకి తెలియకుండా కప్పిపుచ్చే పద్ధతి, పళ్ల వరసను సరిచేసే దంతవైద్య విభాగమైన ఆర్థోడాంటిక్స్‌లో ఎప్పటినుంచో ఉంది. కానీ క్లిప్పులు పళ్లను ఎముక లోపల మాత్రమే జరపగలవు. పెరుగుదల ముగిసిన దవడను అవి జరపలేవు. తేడా పెద్దదైనప్పుడు కూడా క్లిప్పులతోనే సరిచేయాలని పట్టుబడితే పళ్లు ఎముక అంచుకు చేరి, చిగుళ్లు దిగిపోయి, వేర్లు బయటపడే ప్రమాదం ఉంది.

ఎదిగే పిల్లల సంగతి వేరు. కింది దవడ చిన్నగా ఉన్న పిల్లలకు యుక్తవయసు ఎదుగుదల వేగంగా సాగే కాలంలో, తీసి పెట్టుకునే ఉపకరణాలతో కొంత మేలు జరుగుతుంది. అందువల్ల పదేళ్ల పిల్లవాడి దవడ తేడాగా కనిపిస్తే, పెద్దయ్యాక చూద్దాంలే అని ఊరుకోకుండా ఒకసారి ఆర్థోడాంటిస్ట్‌కు చూపించడమే మంచిది.

నా సమస్య దవడదా, గడ్డానిదా? నాకెలా తెలుస్తుంది?

అద్దంలో చూసుకుంటే తెలియదు. గడ్డం లోపలికి ఉన్నట్టు కనిపించే ఇద్దరిలో ఒకరికి దవడ మొత్తం వెనక్కి ఉండవచ్చు, మరొకరికి పళ్లన్నీ చక్కగా కలుస్తూ గడ్డపు ఎముక కొస మాత్రమే చిన్నగా ఉండవచ్చు. రెండో వ్యక్తికి దవడను కదపనక్కర లేదు. గడ్డపు ఎముక కొసను మాత్రమే కోసి ముందుకు జరిపే జీనియోప్లాస్టీ అనే చిన్న ఆపరేషన్ చాలు. మొదటి వ్యక్తికి గడ్డం ఒక్కటే జరిపితే పక్క నుంచి తీసిన ఫొటోలో బాగుంటుంది కానీ నమలడంలో మార్పేమీ రాదు. పక్క నుంచి తలను తీసే సెఫలోగ్రామ్ అనే ఎక్స్‌రేలో ఎముకల కొలతలు చూస్తే ఏది ఏమిటో తేలుతుంది. కింది దవడ ముందుకు వచ్చిందని వచ్చినవారిలో కొందరికి అసలు లోపం పై దవడ వెనకబడి ఉండటమేనని బయటపడేది కూడా ఈ కొలతల్లోనే.

ఇది ఎందుకు వస్తుంది?

ఎక్కువగా వంశపారంపర్యమే. యూరప్‌ను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశంలో ముందుకు పొడుచుకొచ్చిన దవడ తరతరాలుగా చిత్రపటాల్లో కనిపిస్తుంది. స్పెయిన్ రాజు రెండవ చార్లెస్ ఆహారం సరిగా నమలలేకపోయేవాడని చెబుతారు.

మన దగ్గర మరో కారణాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చిన్నప్పుడు మెట్ల మీది నుంచో, గోడ మీది నుంచో పడి గడ్డానికి దెబ్బ తగిలితే, గడ్డం మీది గాటుకు కుట్లు వేయించి పంపేస్తారు. ఆ దెబ్బ అదురు చెవి ముందున్న దవడ కీలుకు చేరి, అక్కడ ఎముక విరిగిన సంగతి ఎవరూ గమనించరు. కొందరిలో కొంతకాలానికి ఆ కీలు పుర్రె ఎముకకు అతుక్కుపోయి నోరు తెరుచుకోదు, ఆ వైపు దవడ ఎదగదు. ఇలాంటివారికి ముందు కీలును విడదీయాలి. దవడ పొడవు పెంచడం ఆ తర్వాత. గడ్డానికి దెబ్బ తగిలిన పిల్లలకు నోరు తెరవడం ఇబ్బందిగా ఉన్నా, పళ్లు మునుపటిలా కలవకపోయినా వెంటనే కీలు ఎక్స్‌రే తీయించాలి.

కొందరు యువతీయువకుల్లో ఒక వైపు కీలు తల మాత్రమే అదనంగా ఎదుగుతూ ఉండటం వల్ల ముఖం క్రమంగా పక్కకు తిరుగుతుంది. ఆ ఎదుగుదల ఆగిందా, ఇంకా సాగుతోందా అని తేల్చడానికి బోన్ స్కాన్ చేస్తారు.

ఏ వయసులో చేయించుకోవాలి?

దవడ ఎదుగుదల ఆగాక. ఆడపిల్లల్లో సాధారణంగా 16, 17 ఏళ్లకు, మగపిల్లల్లో 18 నుంచి 21 మధ్య అది ముగుస్తుంది. దవడ ముందుకు పెరిగే రకంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే వారిలో ఎదుగుదల ఆలస్యంగా ఆగుతుంది. తొందరపడి చేస్తే, సరిచేసిన దవడ మళ్లీ పెరిగి రెండో ఆపరేషన్ అవసరమవుతుంది. అందుకే కొన్ని నెలల ఎడంతో రెండు సెఫలోగ్రామ్‌లు తీసి, కొలతల్లో మార్పు లేదని చూసుకున్నాకే ముందుకు వెళతారు. నిద్రలో ఊపిరి ఆగిపోయేంత చిన్న దవడ ఉన్న పిల్లలకు మాత్రం ఇంత కాలం ఆగడం కుదరదు. వారికి ఎముకను కోసి రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీసే డిస్ట్రాక్షన్ పద్ధతి ఉంది.

పైవైపు వయోపరిమితి అంటూ లేదు. అయితే వయసు పెరిగేకొద్దీ, ఆపరేషన్ వల్ల వచ్చే పెదవి తిమ్మిరి పూర్తిగా పోయే అవకాశం తగ్గుతుంది.

ఆరు నెలల్లో మా అమ్మాయి పెళ్లి పెట్టుకున్నాం. ఈలోగా అయిపోతుందా?

కాదు. ఆపరేషన్‌కు ముందు క్లిప్పులతో తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర, తర్వాత మరో ఆరు నెలలు లెక్క వేసుకోవాలి. ముఖంలోని వాపు చాలావరకు కొన్ని వారాల్లోనే తగ్గినా, మిగిలిన కొద్దిపాటి వాపు పూర్తిగా తీయడానికి ఆరు నెలలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. పెళ్లి తేదీని బట్టి చికిత్సను కుదించమని అడగడం కన్నా, చికిత్సను పెళ్లి తర్వాతకు వాయిదా వేయడమే మంచిది. పైగా ఇది పెళ్లిచూపుల కోసం తల్లిదండ్రులు తీసుకోవలసిన నిర్ణయం కాదు. పెదవి తిమ్మిరినీ, ఆరు వారాల మెత్తటి తిండినీ భరించేది ఆ అమ్మాయి కాబట్టి, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడే అవకాశం ఆమెకు ఇవ్వండి.

క్లిప్పులు వేశాక పళ్లు మునుపటికంటే అధ్వానంగా కనిపిస్తున్నాయి. ఏదైనా తప్పు జరిగిందా?

లేదు, జరగవలసిందే జరుగుతోంది. ఎక్కువమందిని కంగారుపెట్టేది ఈ దశే. దవడలు దూరంగా ఉన్నప్పుడు పళ్లు ఎలాగోలా కలవడానికి ఏళ్ల తరబడి వాలి ఉంటాయి: ముందుకు పెరిగిన దవడలో కింది పళ్లు లోపలికి ఒరుగుతాయి, పై పళ్లు బయటికి వాలుతాయి. ఆర్థోడాంటిస్ట్ ఈ వాలును తీసి, ప్రతి పంటినీ దాని ఎముక మీద నిటారుగా నిలబెడతారు. దాంతో అప్పటిదాకా పళ్లు కప్పిపెట్టిన తేడా మొత్తం బయటపడి, దవడ ఇంకా ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. ఈ పని సరిగా జరగకపోతే ఆపరేషన్‌లో దవడను జరపవలసినంత జరపడానికి చోటు దొరకదు. బంధువులు ఏమన్నా సరే, ఈ దశలో చికిత్స మానేసి క్లిప్పులు తీయించుకోవడం అన్నిటికంటే నష్టం.

క్లిప్పులకు ముందే ఆపరేషన్ చేసే పద్ధతి కూడా ఇప్పుడు వాడుకలో ఉంది. పళ్ల వాలు తక్కువగా ఉన్నవారికి అది సరిపోతుంది, మొత్తం కాలమూ తగ్గుతుంది. అందరికీ తగినది కాదు.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

పూర్తి మత్తులో, ముక్కు ద్వారా శ్వాసనాళంలోకి గొట్టం వేసి చేస్తారు. పళ్లు కలుస్తున్నాయో లేదో సర్జన్ మధ్యమధ్యలో చూసుకోవాలి కాబట్టి నోట్లో గొట్టం అడ్డం ఉండకూడదు. కింది దవడ ఒక్కదానికైతే రెండు మూడు గంటలు, పై దవడ కూడా కలిస్తే అంతకంటే ఎక్కువ పడుతుంది.

సాధారణంగా వాడే పద్ధతిని 1957లో హ్యూగో ఓబ్‌వెగెసర్, రిచర్డ్ ట్రౌనర్ వివరించారు. తర్వాత 1961లో డాల్ పాంట్, 1968లో హన్సక్ దానికి మార్పులు చేశారు. అంతకుముందు దవడను అడ్డంగా కోసేవారు. ముక్కల మధ్య ఖాళీ ఏర్పడి ఎముక సరిగా అతికేది కాదు. ఓబ్‌వెగెసర్ పద్ధతిలో చివరి దవడ పళ్ల వెనుక ఎముకను దాని మందంలోనే లోపలి పొర, బయటి పొరగా చీలుస్తారు. చెవి దగ్గరి కీలు బయటి పొరతో ఉండిపోతుంది; పళ్లున్న భాగం, దానిలో నడిచే నరంతో సహా, లోపలి పొరతో వస్తుంది. అగ్గిపెట్టెలో లోపలి డబ్బా జరిగినట్టు ఒక పొర మీద మరొకటి జరుగుతుంది కాబట్టి, ముందుకు తెచ్చినా వెనక్కి నెట్టినా ఎముకకు ఎముక విస్తారంగా ఆనుకునే ఉంటుంది, త్వరగా అతుకుతుంది.

ఎంత జరపాలన్నది ఆపరేషన్ బల్ల దగ్గర నిర్ణయించేది కాదు. సి.టి. స్కాన్‌తో పళ్ల డిజిటల్ అచ్చును కలిపి కంప్యూటర్‌లో ముందే జరిపి చూసి, ఆ కొలతతో స్ప్లింట్ అనే, పళ్ల మధ్య పెట్టే ప్లాస్టిక్ పలకను తయారుచేస్తారు. ఆపరేషన్‌లో కింది పళ్లు ఆ స్ప్లింట్‌లోని గుంతల్లో కూర్చునేలా దవడను జరిపి, రెండు వైపులా చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు.

జ్ఞానదంతాలు లోపలే ఉండిపోయినవారికి సరిగ్గా చీలిక వచ్చే చోటే అవి అడ్డం ఉంటాయి. చాలామంది సర్జన్లు వాటిని కనీసం ఆరు నెలల ముందే తీయించి, ఆ గుంత ఎముకతో పూడాకే ఆపరేషన్ చేస్తారు.

ముఖం మీద మచ్చ పడుతుందా?

కోత నోటి లోపల చిగురు పక్కన ఉంటుంది, బయటికి కనిపించదు. స్క్రూ బిగించడానికి కొన్నిసార్లు బుగ్గ మీద కొన్ని మిల్లీమీటర్ల గాటు పెడతారు. అది చాలామందిలో తెలియనంతగా మానుతుంది.

పెదవి తిమ్మిరి ఎందుకు వస్తుంది? శాశ్వతమా?

సంతకం చేసే ముందు మీరు పూర్తిగా అర్థం చేసుకోవలసిన విషయం ఇదే. కింది పెదవికి, గడ్డానికి, కింది పళ్లకు స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలి కాలువలో నడుస్తుంది. ఎముకను చీల్చే చోట ఆ నరం పక్కనే ఉంటుంది. దాన్ని కోయకపోయినా, సాగడం వల్ల, వాపు వల్ల దాదాపు అందరిలో మొదటి వారాల్లో పెదవి మొద్దుబారుతుంది. ఎక్కువమందిలో కొన్ని నెలల్లో స్పర్శ తిరిగి వస్తుంది. రావడం చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు మొదలవుతుంది, అది మంచి సూచనే. ఏడాది దాటాక మిగిలిన తిమ్మిరి చాలావరకు అలాగే ఉండిపోతుంది. కొంతమందికి పెదవిలో ఒక మూలనో, గడ్డం మీద రూపాయి బిళ్లంత మేరనో అది శాశ్వతంగా మిగులుతుంది.

ఇది స్పర్శ నరం మాత్రమే. పెదవి కదలిక, మాట, నవ్వు దీని మీద ఆధారపడవు, కాబట్టి మూతి వంకరపోతుందన్న భయం అక్కర లేదు. ముఖ కండరాలను కదిలించే నరానికి ఈ ఆపరేషన్‌లో దెబ్బ తగలడం అరుదు. ఇబ్బందంతా రోజువారీ చిన్న విషయాల్లో ఉంటుంది. గడ్డం మీద అన్నం మెతుకు అంటుకున్నా తెలియదు, పొగలు కక్కే కాఫీ పెదవిని కాల్చినా తెలియదు, షేవింగ్‌లో గాటు పడితే రక్తం చూశాకే తెలుస్తుంది. మొదటి నెలల్లో వేడి పానీయాలను వేలితో చూసి తాగండి, భోంచేశాక మూతి తుడుచుకోండి. వృత్తిరీత్యా సన్నాయి, వేణువు వంటివి వాయించేవారు ఆ సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి. వారి విషయంలో ఈ ప్రమాదం బరువు వేరు.

దవడను వెనక్కి నెట్టవలసినవారికి నరానికి ముప్పు తక్కువగా ఉండే మరో పద్ధతి ఉంది: చెవి కింద నిలువుగా పైకి లేచే భాగంలో ఎముకను కోయడం. కానీ అందులో సాధారణంగా ప్లేట్లు వేయరు కాబట్టి, కొన్ని వారాల పాటు పై పళ్లనూ కింది పళ్లనూ తీగతో కలిపి కట్టి ఉంచాలి.

ఇతర ప్రమాదాలు ఏమిటి?

రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, ఎముక అనుకున్న చోట కాక వేరే చోట చీలడం, ప్లేటు వదులవడం, కొందరిలో కీలు తల క్రమంగా అరిగిపోవడం. చివరిది ఎక్కువగా, అప్పటికే కీలు నొప్పులు ఉండి దవడ బాగా వెనక్కి ఉన్న యువతుల్లో కనిపిస్తుంది. ఇంటికి వచ్చాక జ్వరం, వాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరగడం, నోట్లో చీము రుచి, పళ్లు ముందురోజులా కలవకపోవడం వంటివి ఉంటే అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకండి.

సిగరెట్టు, గుట్కా, ఖైనీ ఆపరేషన్‌కు చాలా ముందే మానేయాలి. పొగ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది; గుట్కా వల్ల బుగ్గలు గట్టిపడి నోరు తెరుచుకోనివారిలో సర్జన్ పరికరం పెట్టడానికే చోటుండదు.

ఆపరేషన్ తర్వాత దవడలు కట్టేస్తారా? ఏం తినాలి?

ప్లేట్లు రాకముందు అలాగే కట్టేసేవారు. ఇప్పుడు ప్లేట్లు వేసినవారికి పళ్ల మధ్య రబ్బరు బ్యాండ్లు మాత్రమే పెడతారు. అవి దవడను కొత్త స్థానానికి అలవాటు చేస్తాయి. ఆసుపత్రిలో రెండు మూడు రోజులు ఉంటారు. వాపు రెండు మూడు రోజులకు గరిష్ఠానికి చేరి తర్వాత తగ్గుతుంది, కాబట్టి మూడో రోజు అద్దంలో చూసుకుని బెంగపడకండి.

మొదటి రెండు వారాలు పూర్తిగా ద్రవాహారం: రాగిజావ, వడకట్టిన పప్పుకట్టు, పలచటి మజ్జిగ, మిక్సీ పట్టి వడకట్టిన కూరగాయల సూపు, పాలు, డాక్టరు చెప్పిన ప్రొటీన్ పొడి. కారం, పులుపు నోట్లోని కుట్లను మండిస్తాయి కాబట్టి చారు తాగాలనిపిస్తే మిరియాలు తగ్గించి చేయించుకోండి. ఆ తర్వాత ఆరో వారం వరకు నమలనక్కరలేని మెత్తటి తిండి: జారుగా కలిపిన పెరుగన్నం, మెత్తగా వండిన కిచిడీ, పాలలో నానిన ఇడ్లీ, ఉడికించిన గుడ్డు మెదిపి. ఒక్కసారిగా కడుపు నిండా తాగలేరు, రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా తీసుకోవాలి. అయినా కొన్ని కిలోలు తగ్గుతారు, అది మళ్లీ వస్తుంది. జంతికలు, చెగోడీలు, మాంసం ముక్కలు, చెరకు మూడు నెలల దాకా తలపెట్టవద్దు.

ప్రతి తిండి తర్వాత నోరు పుక్కిలించి, పిల్లల బ్రష్‌తో పళ్లు తోముకోవాలి. ఇన్‌ఫెక్షన్‌ను దూరంగా ఉంచేది మందు బిళ్లలకంటే ఎక్కువగా ఈ శుభ్రతే. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి రెండు మూడు వారాల్లో వెళ్లవచ్చు. క్రికెట్, కబడ్డీ లాంటి ఆటలకు మూడు నెలలైనా ఆగాలి.

ప్లేట్లు తర్వాత తీయించాలా?

అక్కర లేదు. ఇన్‌ఫెక్షన్ వచ్చినా, చేతికి తగిలి ఇబ్బంది పెట్టినా మాత్రమే తీస్తారు. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు కాబట్టి ఎం.ఆర్.ఐ.కి సాధారణంగా అడ్డు కాదు. స్కాన్‌కు ముందు సిబ్బందికి చెబితే చాలు.

గురక తగ్గుతుందా?

దవడ వెనక్కి ఉన్నందువల్ల నిద్రలో ఊపిరి ఆగేవారికి దాన్ని ముందుకు తెస్తే నాలుక కూడా ముందుకు వచ్చి గాలి దారి విశాలమవుతుంది, చాలామందికి గణనీయమైన మేలు జరుగుతుంది. దీనికి రెండో వైపు ఉంది, దాన్ని అందరూ చెప్పరు. ముందుకు ఉన్న దవడను బాగా వెనక్కి నెడితే అదే దారి ఇరుకవుతుంది. అందుకే లావుగా ఉన్నవారికి, గురక ఉన్నవారికి కింది దవడను మొత్తం వెనక్కి నెట్టకుండా, పై దవడను కొంత ముందుకు తెచ్చి తేడాను రెండు దవడలకూ పంచుతారు. కింది దవడను మాత్రమే వెనక్కి నెట్టినప్పుడు అది మళ్లీ ముందుకు జరిగే అవకాశం కాస్త ఎక్కువ కావడం కూడా ఇలా పంచడానికి మరో కారణం.

ఎవరు చేస్తారు? ఖర్చు, బీమా సంగతేమిటి?

ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీలో (నోరు, దవడ, ముఖ శస్త్రచికిత్సలో) ఎం.డి.ఎస్. అనే దంతవైద్య పీజీ చేసిన సర్జన్, ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చేసిన దంత వైద్యుడు, ఇద్దరూ మొదటి రోజు నుంచీ కలిసి పనిచేయాలి. ఆర్థోడాంటిస్ట్ ఏడాది పాటు పళ్లు జరిపాక సర్జన్‌ను వెతుక్కునే పరిస్థితి మంచిది కాదు. ఇద్దరూ కలిసి రాసిన ప్రణాళిక చూపమని అడగడం మీ హక్కు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఈ రెండు విభాగాలూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా కార్పొరేట్ ఆసుపత్రులకంటే ఖర్చు సాధారణంగా తక్కువ. ఖర్చు అడిగేటప్పుడు క్లిప్పులు, స్కాన్లు, స్ప్లింట్, ప్లేట్లు, మత్తు వైద్యుని ఫీజు, గది అద్దె విడివిడిగా రాయించుకోండి. మొదట చెప్పిన మొత్తంలో ప్లేట్ల ధర కలపకపోవడం వల్లే తర్వాత గొడవలు వస్తాయి.

ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేసే శస్త్రచికిత్సలను మినహాయిస్తాయి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికీ, వైద్యపరంగా అవసరమని చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరించిన సందర్భాలకూ ఆ మినహాయింపు వర్తించకపోవచ్చు. కాబట్టి దరఖాస్తుతో పాటు నమలడంలో ఇబ్బందిని వివరించే డాక్టరు ఉత్తరం, సెఫలోగ్రామ్ కొలతలు, ఉంటే నిద్ర పరీక్ష నివేదిక జతచేసి, ఆసుపత్రిలో చేరకముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు, తమ చికిత్స జాబితాలో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

చికిత్స మధ్యలో చదువుకోసం అమెరికా వెళ్లవలసి వస్తే?

వీలైతే మధ్యలో వెళ్లే పరిస్థితి రానీయకండి. ఒకరు మొదలుపెట్టిన క్లిప్పుల కేసును మరొకరు తీసుకోవడానికి అక్కడి ఆర్థోడాంటిస్టులు వెనకాడతారు, తీసుకున్నా మళ్లీ మొదటి నుంచీ ఫీజు అడగవచ్చు. విద్యార్థి బీమాలో ఇలాంటి దంత చికిత్స చాలావరకు ఉండదు. ఆపరేషన్ అయి, చివరి దశ క్లిప్పులు మాత్రమే మిగిలితే, సెలవులకు వచ్చినప్పుడు పూర్తిచేసుకునేలా ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. ఇంకా ఏమీ మొదలుపెట్టనివారు చదువు ముగించుకుని వచ్చాక మొదలుపెట్టినా నష్టం లేదు. ఎదుగుదల ఆగిన దవడలో రెండేళ్లకు పెద్ద మార్పేమీ రాదు. వెళ్లక తప్పదంటే ఎక్స్‌రేలు, స్కాన్ ఫైళ్లు, పళ్ల అచ్చులు, ఏ తేదీన ఏ తీగ వేశారో రాసిన చీటీ, ఇద్దరు డాక్టర్ల సంతకాలతో ఉన్న చికిత్సా ప్రణాళిక తీసుకునే బయలుదేరండి.